వెనక్కి పోయిన కోడ్

కంటి శిబిరం కరపత్రంలో మళ్లీ అదే తప్పు వచ్చింది. ఉర్దూ వరుసలో ఫోన్ నంబరుకు ముందుండాల్సిన ఊరి కోడ్ చివర్న చేరింది.

హనుమకొండలో నవనీతది డీటీపీ షాపు. తెలుగు తను టైపు చేస్తుంది. ఉర్దూ మాత్రం మండీబజార్‌లో ఉండే నాజియా తన ఇంట్లోనే కొట్టి, ఫైలు పంపుతుంది. ఇన్నేళ్లలో ఇద్దరి మధ్య మాట తేడా రాలేదు.

"నాజియా, మళ్ల నంబరు ఉల్టా వచ్చింది," అంది నవనీత ఫోన్లో.

"నేను సరిచేసే పంపిన అక్కా. నువ్వే ఏదో కదిలించినవ్."

"నేనేం కదిలిస్త? కోడ్ చెరిపి ముందట కొడితే ఎనకకే పోతాంది."

కుడి బాణం నొక్కితే కర్సర్ ఎడమకు నడుస్తోంది. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే ఏదీ చెరగదు, ఇంకోసారి కొడితే పక్క అక్షరం ఎగిరిపోతుంది. నవనీతకు కీబోర్డు ఎత్తి బయట పారేయాలనిపించింది.

శిబిరం పెడుతున్న దవాఖాన మేనేజరు మహిపాల్ ఎదురుగానే కూర్చున్నాడు. "గింత తిప్పలెందుకు మేడం. ఉర్దూ తీసెయ్. తెలుగు అందరికి వస్తది గదా," అన్నాడు.

విసిగి ఉన్న నవనీత కాదనలేదు. "విన్నవా, ఏమంటవ్ నాజియా?"



"మా ముసలి దాదీకి తెలుగు మాట్లాడొస్తది, చదువరాదు. కండ్లు మసకలుండేది ఆమె అసుంటోళ్లకే గదా అక్కా. ఆగు, నేనే వస్తాన," అని ఫోన్ పెట్టేసింది.

ఆటో దిగి వచ్చిన నాజియా, నవనీత మొహం చూడకుండానే కంప్యూటరు ముందు కూర్చుంది. అందులో ఈమధ్యే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశారు. కంటికి కనపడని గుర్తులను చూపించే మీట వ్యూ మెనూలో ఉంది. నాజియా అది నొక్కింది.

నంబరు చివర చిన్న చిన్న బాణాలు బయటపడ్డాయి, ఒకదాన్నానుకుని ఒకటి.

"ఏందివి?" అంది నవనీత.

"రాత ఎటు నడవాల్నో చెప్పే గుర్తులు. ప్రింటుల రావు. ఇన్ని ఎవరు పెట్టిన్రు?"

నవనీత తలవంచుకుంది. "మెనూల ఎడమ, కుడి అని ఉంటే నొక్కిన. ఏం కాలేదని మళ్ల మళ్ల నొక్కిన."

"మరి నేను ముందట పెట్టింది ఏది?"

అది లేదు. నాజియా బాణాలన్నీ చెరిపి, నంబరు ముందు ఒక్క గుర్తు పెట్టింది. కోడ్ ముందుకొచ్చింది. అక్కడ ఖాళీ కాస్త ఎక్కువగా ఉందని నవనీత పక్కనుంచి చెయ్యి చాపి అలవాటుగా బ్యాక్‌స్పేస్ కొట్టింది. ఆ బాణం మాయమైంది, కోడ్ వెనక్కి పోయింది.



"రోజూ గిదే చేస్తాన్నవా?" అంది నాజియా.

"జర జాగ ఎక్కువుందని..."

నాజియా గుర్తు మళ్లీ పెట్టింది. ప్రింటు తీశారు. మహిపాల్ కాగితం అందుకుని, "గీ ముచ్చట పొద్దుగాలనే చూసుకోవద్దా," అంటూ వెళ్లిపోయాడు.

నవనీత చాయ్ తెప్పించింది. "ఉర్దూ తీసేద్దామని నేను అనలే," అంది మెల్లగా.

"వద్దని గూడ అనలే గదా."

నాజియా చాయ్ తాగి, దాదీ కోసం ఒక కరపత్రం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇగ ఫైలు పంపుడు వద్దక్కా. ఉర్దూ ఉన్నప్పుడు నేనే ఈడికి వచ్చి కొడ్త," అంది గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ.

"రా. నీ పక్కనే కూసుంట," అంది నవనీత.

"కూసో. కీబోర్డు మాత్రం ముట్టకు," అని నాజియా మెట్లు దిగింది.