నల్లత్రాచు ఏడాది

నేను ఒక ముసుగుని. పెళ్ళికూతురి మేలిముసుగును కాను, దొంగ మొహానికి చుట్టుకునే గుడ్డనూ కాను. కుస్తీ ముసుగుని. నల్ల రెగ్జిన్ మీద పచ్చటి పొలుసులు, నుదుటి మీద పడగ, కళ్ళ దగ్గర రెండు కన్నాలు, నోటి దగ్గర ఒకటి, తల వెనక మెడ దాకా బిగించే తాడు. నన్ను తొడుక్కున్నవాణ్ణి జనం నల్లత్రాచు అంటారు. ఇంకా చాలా అంటారు. అవి ఇక్కడ రాస్తే మీరు చదవరు.

నన్ను కుట్టింది జైనబీ. బడి వార్షికోత్సవాలకు జింక వేషాలూ, పులి వేషాలూ కుట్టే దర్జీ. ఉగాదికి నెల ముందు ఒక పెద్ద తలకాయ చుట్టూ టేపు పెట్టి, చెవుల దగ్గర ఆగిపోయింది. రెండు చెవులూ ముడుచుకుపోయి, గట్టిపడి, గారెల్లా ఉబ్బి ఉన్నాయి. ఏమైందని అడిగింది. పదిహేనేళ్ళు మట్టిలో రాపిడి అన్నాడాయన. ఆవిడ రెండు వైపులా అంగుళం గుడ్డ ఎక్కువ వదిలింది. అందుకే ఆ తలకు తప్ప ఇంకే తలకూ నేను సరిగ్గా పట్టను.

ఆయన పేరు పోశెట్టి. బోధన్ వైపు, మంజీర ఒడ్డున ఒక పల్లె. అక్కడి జాతరల్లో కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. చిన్నవాళ్ళు కొబ్బరికాయ కోసం కుస్తీ పడతారు, పెద్దవాళ్ళు వెండి కడియం కోసం. పోశెట్టి కొబ్బరికాయ దగ్గర మొదలుపెట్టి, వస్తాదు సాయన్న చేతి కింద ఒక్కో మెట్టూ ఎక్కి కడియం దాకా వచ్చాడు. కడియం తర్వాత ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. జాతరకు వచ్చే జనం తగ్గారు. వచ్చినవాళ్ళు కూడా రంగులరాట్నం దగ్గరే నిలబడ్డారు.

అప్పుడు ఆయన్ని పట్టుకున్నాడు శశిధర్. హైదరాబాదు శివార్లలో పాత బియ్యం గోదాంలో రింగు కట్టి, దానికి ‘సింహగర్జన’ అని పేరు పెట్టిన మనిషి. అంతకు ముందు పెళ్ళిళ్ళు చేయించేవాడు. కెమెరా సిద్ధమయ్యేదాకా తాళి కట్టొద్దని పెళ్ళికొడుకులకు చెప్పి చెప్పి అలవాటైన నోరు కనుక, ఎవడు ఎప్పుడు పడాలో వస్తాదులకు చెప్పడం ఆయనకేమీ కష్టం కాలేదు.

ఒక మాట. మా కుస్తీల్లో గెలుపోటములు ముందే కాగితం మీద రాసి ఉంటాయి. అది మోసమని నేననను. పడేవాడు నిజంగానే పడతాడు, నొప్పి నిజంగానే పుడుతుంది. ఆ సంగతి జనానికీ తెలుసు. తెలిసే ఈలలు వేస్తారు.

ఒప్పందం నా ముందే జరిగింది. ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా పోశెట్టి ముసుగులో ఉండాలి. ఆయనెవరో ఎవరికీ తెలియకూడదు. ఏడాది చివరి కుస్తీలో ముసుగు తీసి, జనం ముందు ఆయన్ని పరిచయం చేస్తారు.

“ఏడాది ఓపిక పట్టండి పోశెట్టి గారూ. ఆ రోజు మీ మొహం చూడ్డానికి జనం కొట్టుకు చస్తారు” అన్నాడు శశిధర్.

“నా మొహంల ఏమున్నది సార్. నా పేరు చెప్పాలె, మా ఊరి పేరు చెప్పాలె, మా వస్తాదు పేరు చెప్పాలె. గంతే” అన్నాడు పోశెట్టి.

అలాగే అన్నాడు శశిధర్. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకరిలో ఒకరం ఇరుక్కున్నాం. గోదాంకు రెండు వీధుల అవతలే వ్యాన్లో నన్ను తొడుక్కోవాలి, మళ్ళీ అక్కడే తియ్యాలి. నోటి కన్నం చిన్నది కనుక, ఇడ్లీ తినాలన్నా నన్ను ముక్కు దాకా ఎత్తి తినాలి. లోపల చెమట కారి కళ్ళలో పడితే తుడుచుకునే దారి లేదు. ఊళ్ళో అడిగినవాళ్ళకు అపార్టుమెంటు వాచ్‌మన్‌గా చేస్తున్నానని చెప్పాడు. కడియం గెలిచినవాడు గేటు తీస్తున్నాడా అని సాయన్న ఫోన్లో మాట్లాడ్డం మానేశాడు. ఆ ఫోను పెట్టేసినప్పుడు నేను ఆయన ఒళ్ళోనే ఉన్నాను. వేళ్ళతో నా పొలుసులు ఒక్కొక్కటీ పీకుతూ కూర్చున్నాడు. నాకు కోపం రాలేదు.

ఇక కుస్తీల సంగతి. వీపు నేలకు తగలకుండా పదిహేనేళ్ళు నేర్చుకున్న మనిషికి వీపు నేలకు వేసుకోవడమే ఉద్యోగమైంది. మొదటి నెలంతా ఒళ్ళు ఒప్పుకోలేదు. మా కంపెనీ హీరో రుద్ర, జిమ్ములో పెంచిన కండలవాడు, మంచివాడే, పోశెట్టి నడుము పట్టుకుని ఎత్తలేక, “పడన్నా, నీ పుణ్యముంటది, పడు” అని చెవిలో బతిమాలేవాడు. పోశెట్టి కళ్ళు మూసుకుని పడేవాడు. జనం లేచి గంతులేసేవారు.

పంచాంగంలో ప్రతి రాశికీ రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని రాస్తారు. ఆ ఏడు నా రాశికి రాజపూజ్యం సున్నా. అవమానాలు ముప్పై తొమ్మిది, అంటే ముప్పై తొమ్మిది ఓటములు. ఓటములంటే నాకు బాధ లేదు. విలన్ ఓడకపోతే హీరో ఎందుకు? నా ఫిర్యాదు వేరే. వైశాఖంలో రుద్రకూ నాకూ తప్పిపోయిన అన్నదమ్ముల కథ మొదలుపెట్టి, ఆషాఢానికి ఎవరికీ గుర్తు లేనట్టు వదిలేశారు. ఛాంపియన్ బెల్టు ఒక్క శ్రావణంలో అయిదు నడుములు మారింది. మూడో వారానికి అది ఎవరిదో పట్టుకున్నవాడికే తెలియలేదు. గోదాం కురిసి, తడి రింగు మీద ఇద్దరు జారిపడితే, అదే ఆ నెలలో అందరికీ నచ్చిన కుస్తీ.

నిజంగా బాగున్నది ఒక్కటే. దసరా నాడు పోశెట్టికి ఎదురుగా బిచ్కుంద వైపు నుంచి వచ్చిన కాశీనాథ్ అనేవాణ్ణి దింపారు. వాడి చెవులూ పోశెట్టి చెవుల్లాంటివే. ఇద్దరూ మెడలు పట్టుకోగానే కాగితం మరిచిపోయారు. ఏడు నిమిషాలు ఎవరూ ఎగరలేదు, కుర్చీలు విరగలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. నా లోపల పోశెట్టి నవ్వుతున్నాడు, ఆ చెంపలు కదలడం నాకు తెలుస్తోంది. బయట జనం ఫోన్లు తీసి చూసుకుంటున్నారు. దిగొచ్చాక శశిధర్, ఇది కుస్తీయా, నిద్రమాత్రా అని తిట్టాడు. కాశీనాథ్‌ను మళ్ళీ పిలవలేదు.

ఇప్పుడు ఆ ఏడాది మావాళ్ళు చేసిన అసలు తప్పు చెప్తాను. మా రెఫరీ ఆగస్టీన్ మాస్టారు. సికింద్రాబాదులో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనాయన. పడినవాడి చెయ్యి ఆయన నొక్కుతాడు. తిరిగి నొక్కితే వాడు బాగున్నట్టు. నొక్కకపోతే, మాస్టారు రెండు చేతులూ తల మీద అడ్డంగా కలిపి చూపిస్తాడు. అంటే ఇది ఆట కాదు, నిజంగా దెబ్బ తగిలింది, అందరూ ఆగండి అని. అది చూస్తే రింగు పక్కన కూర్చునే డాక్టరు పరుగెత్తాలి, స్ట్రెచర్ రావాలి.

కార్తీకంలో జనం పల్చబడ్డారు. శశిధర్‌కు ఆ గుర్తు మీద కన్ను పడింది. రుద్ర పడిపోయినట్టు చేస్తాడు, మీరు చేతులు అడ్డం పెట్టండి, స్ట్రెచర్ వస్తుంది, జనం ఏడుస్తారు అన్నాడు.

“ఇది ఒక్కటి మాత్రం వద్దు సార్. ఇక్కడ నిజం చెప్పడానికి మా దగ్గర ఉన్నది ఇదొక్కటే” అన్నాడు ఆగస్టీన్ మాస్టారు.

నిజమేనని శశిధర్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, చేయించాడు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు, ఆ వీడియో ఊరూరా తిరిగింది. బాగా కుదిరిన వంటను వారం వారం వండినట్టు సంక్రాంతి లోపల ఇంకో రెండుసార్లు చేయించాడు. మూడోసారికి డాక్టరు కూడా కుర్చీలోంచి లేచేముందు నిజమా, ఆటా అని శశిధర్ మొహం చూడ్డం నేర్చుకున్నాడు. ఆ మధ్యే నాకూ మార్పులు చేశారు. కోరలు బాగా కనబడాలని నోటి కన్నం మూసి, వల గుడ్డ వేసి, దాని మీద కోరలు కుట్టారు. ఈసారి జైనబీ కాదు, ఎవరో మిషను మీద కుట్టారు. పోశెట్టి ఒకసారి అడిగాడు, ఊపిరాడుతలేదని. ఉగాది దాకానే కదా అన్నారు.

ఉగాది వచ్చింది. పోశెట్టి నెల ముందు నుంచీ పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకుని, మొహం అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. మాట్లాడ్డం మానేసిన సాయన్నకు తనే ఫోన్ చేసి, ఈ సాయంత్రం టీవీల కుస్తీ వస్తది, చూడు, ఏమని అడగకు అన్నాడు. కాగితం ప్రకారం రుద్ర ఆయన్ని భుజం మీదికెత్తి వేస్తాడు, గెలుస్తాడు, తాడు విప్పి నన్ను తీసేస్తాడు. మైకులో పేరు, ఊరు, వస్తాదు పేరు.

రుద్ర కాలు జారింది. పోశెట్టి వీపు మీద కాక మెడ మీద పడ్డాడు. చప్పుడు నాలోంచే పోయింది. మాస్టారు వచ్చి చెయ్యి నొక్కాడు. తిరిగి నొక్కలేదు. మళ్ళీ నొక్కాడు. “చేతులు తెలుస్తలేవు మాస్టారూ” అన్న మాట నా లోపలి నుంచి బయటికి పోలేక వల గుడ్డలోనే నానింది. మాస్టారికి ఆ మాట అక్కర్లేకపోయింది. లేచి రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు.

జనం చప్పట్లు కొట్టారు.

డాక్టరు శశిధర్ వైపు చూశాడు. తన కాగితంలో లేనిది మాస్టారు సొంతంగా కల్పించాడనుకుని శశిధర్ మురిసిపోయి, బాగుంది అన్నట్టు బొటనవేలు చూపించాడు. డాక్టరు కూర్చునే ఉన్నాడు. కథ మారిందేమో, తనకు చెప్పలేదేమో అనుకున్నాడు రుద్ర. ఏడాదిలో సగం సార్లు అలాగే జరిగింది మరి. వచ్చి పోశెట్టి మీద పడుకుని గెలిచాడు. మాస్టారు ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టలేదు. జనమే లెక్కపెట్టారు.

లోపల ఆయన నోరు తెరుచుకుని మూసుకుంటోంది. వల తడిసి పెదాలకు అంటుకుపోయింది. ఊపిరి పీలిస్తే నేనే లోపలికి పోతున్నాను. నన్ను తియ్యండని అరవాలనిపించింది. నన్ను చేసినవాళ్ళు నాకు అరుపు పెట్టలేదు. నా బతుకులో అంత అసహ్యం నా మీద నాకు ఎప్పుడూ కలగలేదు.

మాస్టారు కూలబడి, మెడ కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తాడు విప్పసాగాడు. శశిధర్‌కు అప్పుడు అర్థమైంది, ఇది ఆట కాదని. వెంటనే ఆయనకు తోచిన పని ఒక్కటే. లైట్లు ఆపేయించాడు.

నేను ఊడి వచ్చింది ఆ చీకట్లోనే. ఏడాదిగా ఎదురుచూసిన ఆ మొహం మీద ఒక్క కన్ను కూడా పడలేదు. స్ట్రెచర్ చీకట్లోనే వెళ్ళింది. మైకులో పేరు ఏదీ రాలేదు. ఆ వారమే ఆగస్టీన్ మాస్టారు విజిల్ టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నన్ను ట్రంకు పెట్టెలో వేశారు. మూడు నెలలు. ఆ లోపల సింహగర్జన వారు ఏడాది బహుమతులు ప్రకటించారని వ్యాన్ డ్రైవర్ల మాటల్లో విన్నాను. ‘ఈ ఏటి మేటి ఘట్టం’ బహుమతి, మెడ విరిగినట్టు నటించినందుకు, నల్లత్రాచుకు వచ్చింది. దాన్ని అందుకోవడానికి ఒక నల్లత్రాచు కావాలి కనుక ఆషాఢంలో ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పెట్టెలోంచి తీసి కొత్తవాడి తలకు తొడిగారు. వాడి చెవులు నున్నగా ఉన్నాయి. జైనబీ వదిలిన అంగుళం రెండు వైపులా వదులుగా ఊగింది.

విలన్ జనం మధ్యలోంచి నడిచి రావాలి, దారిలో ఆగి తిట్లు తినాలి. కొత్తవాడు మూడో వరుస పక్కన చేతులెత్తి ఆగాడు. కన్నాల్లోంచి చూశాను. టికెట్టు కొనుక్కుని పోశెట్టి కూర్చుని ఉన్నాడు. మెడకు గట్టి పట్టీ. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎడమ చేతి వేళ్ళు వంకరగా ఉన్నాయి.

పక్క కుర్చీలో పాప్‌కార్న్ తింటున్నాయన ఆయనకు నన్ను చూపించాడు. “ఉగాదికి నువ్వు సూడాలె అన్నా. నిజంగ మెడ ఇరిగినట్టే పడ్డడు. ఊపిరాడనట్టు ఏం జేసిండు! నేనైతే ఈలలే ఈలలు” అన్నాడు.

పోశెట్టి మెల్లగా అన్నాడు, “గది నేనే. నా పేరు పోశెట్టి. మా వస్తాదు సాయన్న.”

పక్కాయన ఆ మొహం చూశాడు, మెడపట్టీ చూశాడు, వంకరపోయిన వేళ్ళు చూశాడు. నవ్వి, భుజం మీద తట్టాడు.

“నువ్వు గూడ మస్తు జేస్తున్నవన్నా. పట్టీ యాడ కొన్నవ్?”

రింగులో గంట మోగింది, చుట్టూ అందరూ లేచి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. పోశెట్టి కూడా కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, మెడ తిరగక ఒళ్ళంతా నా వైపు తిప్పి, వాళ్ళతో కలిసి తిట్టాడు.