పొయ్యి దేవుడు ఇంట్లో లేని వారం

మోక్ గిమ్‌ఫుక్ భార్యను దొరలు దీవి మీద ఏడాది పాటు బంధించింది, ఆమె నిజం చెప్పినందుకే. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో చైనా వీధిలో గిమ్‌ఫుక్‌కు ఎండుచేపల కొట్టు ఉండేది. ఆ ఏడు స్వదేశం వెళ్లి, పల్లెలో భార్య సాన్‌లిన్‌తో కొన్ని నెలలు గడిపి, ముందు ఓడలో తాను తిరిగొచ్చాడు. వెనక ఓడలో ఆమె వచ్చింది, కడుపుతో. ఓడ దిగిన చైనా వాళ్లను దొరలు తిన్నగా ఊళ్లోకి రానివ్వరు. ఎదురుగా ఉన్న దీవికి తోలి, కొయ్య గదుల్లో పెట్టి తాళం వేస్తారు. ఆ తరువాత మొగుణ్ణి ఒకచోట, పెళ్లాన్ని ఒకచోట కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడుగుతారు. ఇద్దరి జవాబులూ కలిస్తే ఆలుమగలు. కలవకపోతే మోసగాళ్లు, ఆమె తిరుగు ఓడ ఎక్కాలి.

బావి కలిసింది. పంది రంగు కలిసింది. అత్తగారి నోట్లో ఏ పన్ను ఊడిందో అదీ కలిసింది. చివరికి దొర అడిగాడు: "మీ పొయ్యి మీద దేవుడి పటం ఉందా?"

గిమ్‌ఫుక్ ఉందన్నాడు. సాన్‌లిన్ లేదంది.

"మీ ఆవిడ లేదంటోందే?" అన్నాడు దొర.

గిమ్‌ఫుక్ మండిపడుతూ కొట్టుకొచ్చి పక్క కొట్టు వింగ్‌చౌ ముందు కూలబడ్డాడు. "చూశావా అన్నా! రోజూ దండం పెట్టే దేవుణ్ణి లేడంటుందా? నా మీద కోపం దేవుడి మీద చూపిస్తోంది."

వింగ్‌చౌ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒరే ఎద్దూ! నువ్వు ఇల్లు విడిచింది దేవుణ్ణి సాగనంపక ముందు కదా. మరి అమ్మాయి?"

గిమ్‌ఫుక్ నెత్తి కొట్టుకున్నాడు. ఏడాది చివర పొయ్యి దేవుడు ఇంటి గుట్టంతా మోసుకుని పైలోకానికి పోతాడు. అక్కడ నోరు జారకుండా మూతికి తీపి పూసి, పటం కాల్చి పంపుతారు. కొత్త ఏడు వచ్చేదాకా పొయ్యి మీద గోడ బోడిగానే ఉంటుంది. సాన్‌లిన్ బయలుదేరింది సరిగ్గా ఆ వారంలోనే.

"అదేదో చెప్పి ఏడవొచ్చుగా!"

"దేవుడు ఇంట్లో లేడని పరాయివాడికి విడమరచి చెబుతారా ఎవరైనా? అడిగారు, లేదంది. పెద్దింటి పిల్లరా. నీలాంటి వాగుడుకాయ కాదు."

రెండోసారి పిలిచినప్పుడు గిమ్‌ఫుక్ తెలివి చూపించాడు. కథ పెంచితే కొత్త ప్రశ్నలు వస్తాయని భయపడి, "పటం లేదు దొరా, నేనే పొరబడ్డాను," అన్నాడు. పక్క గదిలో సాన్‌లిన్ కూడా తెలివి చూపించింది. మొగుడు ఉందన్నాడని దొర నోటే విని, ఆయన మాట నిలబెడదామని, "ఉంది, నేనే మరిచాను," అంది.

దొర ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడట. తరువాత ఆమెను తిప్పి పంపాలని రాశాడు.

గిమ్‌ఫుక్ వకీలును పట్టుకున్నాడు. వకీలు పై అధికారికి మొరపెట్టాడు. ఇప్పుడు దేవుడి ప్రయాణం సంగతి చెబితే, కొత్తగా అల్లారన్నారు. వేసవి పోయింది. వానలు పట్టాయి. ఫెర్రీలో రొట్టెలు, బాతు మాంసం పంపించేవాడు. మనిషిని చూడనిచ్చేవారు కాదు. కబురు మాత్రం ఒకటే వచ్చేది: బాగానే ఉన్నాను.

మళ్లీ ఏడాది చివరికొచ్చింది. ఆడవాళ్ల గదిలో సాన్‌లిన్ బొగ్గుతో కాగితం మీద దేవుణ్ణి గీసి గోడకు అంటించింది. రొట్టెతో ఇచ్చిన పాకం అందరూ దాచి తెచ్చారు. దేవుడి మూతికి పూశారు, చాలక గడ్డానికీ పూశారు. కాగితానికి నిప్పంటించారు. పొగ చూసి కాపలా దొరసాని కేకలు పెట్టింది. ప్రశ్నలడిగిన దొరే బకెట్‌తో పరుగెత్తుకొచ్చి మంట ఆర్పబోయాడు.

"ఏం తగలబెడుతున్నారు?"

"దేవుణ్ణి," అంది సాన్‌లిన్. "ఇవాళ వెళ్లే రోజు. అడగండి, ఇప్పుడు ఉన్నాడా అని. లేడు. వారం తరువాత అడగండి. ఉంటాడు."

తోటి ఆడవాళ్లంతా ఒక్కసారిగా అందుకున్నారు. మా ఇంట్లోనూ లేడు, మా ఇంట్లోనూ లేడు! దుబాసీ అందరి మాటా ఒకేసారి చెప్పలేక చేతులెత్తేశాడు. దొర చేతిలో బకెట్, చొక్కా చేతికి పాకం. బోడి గోడను చూస్తూ నిలబడిపోయాడు.

నెల తిరక్కుండా ఆమెను వదిలేశారు.

రేవులో ఫెర్రీ దిగిన మనిషిని గిమ్‌ఫుక్ మొదట గుర్తుపట్టలేదు. చేతిలో మూట ఉంది. చంకలో ఏమీ లేదు.

"ఏమే, మరి..."

"వానల్లో పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. ఎక్కడ పెట్టారో నాకు చూపించలేదు." మూట అతనికిచ్చింది. "ఆకలేస్తోందయ్యా. నడు."

దేవుడి మూతి కథ చైనా వీధిలో బాగా పండింది. ఏటా కొత్త సంవత్సరం ముందు ఎవరో ఒకరు అడిగేవారు. సాన్‌లినే చెప్పేది, నవ్వించి చంపేది. దొర చొక్కాకు పాకం అంటిన దగ్గర ఆపి, అన్నం మాడుతోందని లేచేది. ఏనాడూ అన్నం మాడలేదు.

నిరుడు ఆమె పోయింది. మొన్న కొట్లో నలుగురు చేరినప్పుడు ముసలి వింగ్‌చౌ అన్నాడు: "ఒరే ఫుక్, నీ దేవుడి కథ చెప్పరా. వీళ్లు వినలేదు. కడుపుబ్బ నవ్వుతారు."

గిమ్‌ఫుక్ కత్తి పక్కన పెట్టాడు.

"ఆ దీవి మాట నా ముందు ఇదే ఆఖరు, అన్నా. నేను చెప్పను. నువ్వు చెబితే నీకు ఈ కొట్లో చేప తోక కూడా అమ్మను."