ఒక చరణం, ఒక కప్పు

విజయనగరంలో గణపతిరావు కాఫీ కొట్టులోని ఎస్ప్రెసో మిషనుకి మోటారూ లేదు, స్ప్రింగూ లేదు. పొడి నింపి, పొడవాటి పిడిని చేత్తోనే కిందికి నొక్కాలి. తొందరపడితే పులుపు, తాత్సారం చేస్తే చేదు. ఏ కప్పు తాగినా ఒకే రుచి రావాలంటే మాటలా? అక్కడ పనిచేసే లీలారాణికి మాత్రం అది మంచినీళ్ళ ప్రాయం. ఆవిడ బాప్టిస్టు చర్చిలో పాడే మనిషి. అక్కడి పాటలో ఒక చరణం లోలోపల పాడుకుంటూ నొక్కేది. చరణం అయ్యేసరికి కాఫీ దిగిపోయేది. ఆ పాటకి చర్చిలో డోలక్ వాయించేవాడు ఆమె పెనిమిటి సత్యరాజు. ఆయన దెబ్బే ఆమె చేతికి లెక్క.

ఆ సత్యరాజు కాస్తా మొన్న వానల్లో జ్వరమొచ్చి పోయాడు. నెల తిరక్కుండా ఆమె పనిలోకి వచ్చింది. ఏం చేస్తుంది, కూర్చుంటే కూడెవరు పెడతారు? చర్చిలో ఇప్పుడు డోలక్ లేదు, పాట ఈడ్చి ఈడ్చి పాడుతున్నారు. ఆ ఈడుపే ఆమె చేతిలోకీ వచ్చేసింది.

"ఏటి లీలారానమ్మా, మల్లీ సేదొచ్చినాది. ఇద్దరు తాగకుండా ఎల్పోనారు" అన్నాడు గణపతిరావు.

"ఈ ఒక్కరోజు సూడండి బాబూ. ఆయన వాయింపు గేపకం సేసుకుంటన్నాను, కుదురుతాది."

కుదరలేదు. గణపతిరావు చెడ్డవాడేం కాదు, పనిలోంచి తీసెయ్యలేదు. ఆమెను కప్పులు కడగమని, మిషను బామ్మర్ది ధనరాజుకి అప్పజెప్పాడు.

అబద్ధమెందుకు, లీలారాణి లోపల ఉడికిపోయింది. వీడి మొహం! పాట రాదు, తాళం తెలీదు. రెండ్రోజుల్లో మళ్ళీ నన్నే పిలుస్తారు అనుకుంది. సత్యరాజు లేకుండా ఈ కాఫీ కుదరదన్న నమ్మకం పట్టుకునే ఆవిడ రోజూ మంచం దిగుతోంది.

ధనరాజు ఫోన్లో గడియారం పెట్టుకుని, ఇరవై ఎనిమిది సెకన్లు చూసుకుంటూ నొక్కాడు. వరసగా నాలుగు కప్పులు తీసి, ఒకటి ఆమె చేతికిచ్చాడు.

"రుసి సూడప్పా. సెడితే సెప్పు."

తాగింది. అచ్చం ఆ రుచే. సత్యరాజు ఉన్ననాటి రుచే, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఏటప్పా, బాగోలేదేటి?"

"బాగున్నాది తమ్ముడూ."

వెనక్కి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, మనిషిని మట్టిలో పెట్టిన రోజున కూడా రాని ఏడుపు ఏడ్చింది.