అక్క టేబుల్ మీది కంప్యూటర్

కాలేజీలో ల్యాబ్ టీచర్‌కి పొద్దున్నే రెండు పనులు. ముప్ఫై కంప్యూటర్లు ఆన్ చెయ్యడం, ఆఫీసులో గుమాస్తాగా కూర్చునే సొంత అక్కని చూడనట్టు నడిచిపోవడం. రెండోదానికే ఒళ్ళు హూనమయ్యేది.

మూడేళ్ళ కిందట, అమ్మ ఆస్పత్రిలో పోయిన రోజున, అక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది. పరీక్ష డ్యూటీలో ఉండి చెల్లెలు ఎత్తలేదు. ఆనాటినుంచి మాటల్లేవు. ఆ నెలలోనే ప్రిన్సిపాల్ అడిగాడని ల్యాబ్‌కీ ఆఫీసుకీ మధ్య చెల్లెలే చిన్న చాట్ ప్రోగ్రామ్ రాసింది. రెండు కంప్యూటర్లూ కలిశాయి, రెండు తెరల మీదా 'కనెక్ట్ అయింది' అని పడింది. పెద్దది కాబట్టి అక్కే ముందు పలకరిస్తుందని ఊరుకుంది. అక్కణ్ణుంచి ఒక్క అక్షరం రాలేదు.

అప్పట్నుంచే ఆఫీసు కంప్యూటర్ బరువెక్కసాగింది. చేరని మాటలు పేరుకుంటే బరువెక్కదా మరి? బరువుకి టేబుల్ కుంగితే ఆఫీసువాళ్ళు రెండుసార్లు మార్చి ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు.

ఇవాళ ఐదింటి ఆఖరి బస్సుకి అక్క వేరే ఊరు వెళ్ళిపోతోంది. అడిగి వేయించుకున్న బదిలీ. రేపు పొద్దున్న అక్కడ చేరకపోతే రద్దవుతుంది, చేరితే ఇక ఈ జన్మకి మాటల్లేనట్టే. చెల్లెలికి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

నాలుగున్నరకి అటెండర్ వచ్చాడు. "అక్కగారి కంప్యూటర్ స్టోర్‌కి మారుద్దామంటే నలుగురం పట్టినా లేవట్లేదు మేడమ్. ఆవిడేమో చాట్‌లో మీకు కొట్టిన మాటలన్నీ ఎప్పుడో పంపేశానంటున్నారు."

"నాకేం రాలేదే."

"ప్రోగ్రామ్ రాసింది మీరేగా."

తెరిచి చూసింది. ఒకే ఫైలు రెండు చోట్లా పెట్టింది: ముందు అవతలి మాట అందుకో, తర్వాతే నీది పంపు. ఇద్దరూ కాచుక్కూర్చోవడమే. ఈ తప్పుకి పిల్లలకి ఏటా మార్కులు కోసేది తనే. సిగ్గుతో తల వాలిపోయింది.

తన వైపు లైన్లు తారుమారు చేసి కొట్టింది: 'అక్కా, ఫోన్ ఎత్తకపోవడం నా తప్పే.'

మూడేళ్ళనాటి అక్క మాట తెర మీదికి దిగింది. 'అమ్మకి నీ మీద కోపం లేదే. నీ గురించే అడిగింది.'

ఇటు ఒకటి పంపితేగానీ అటు ఇంకోటి కదలదు. 'ఊ' అని కొట్టింది.

'తలనొప్పి తగ్గిందా?'

'ఊ.'

'నిన్న గొడుగు లేకుండా తడిశావు.'

'ఊ.'

ఆరింటికి అక్క ఆఫీసు తెర ముందునుంచి లేచొచ్చి, సంచీతో సహా ల్యాబ్ గుమ్మంలో నిలబడింది.

"బస్సు పోయింది. బదిలీ కూడా. ఇంకా రెండేళ్ళవి మిగిలాయి, ఎంతసేపని ఊ కొడతావే?"

చెల్లెలు పక్క కుర్చీ లాగింది. "కూర్చుని చెప్పక్కా."