ఒక గది వేడి

గుడియాత్తంలో ఏసీ మిషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో, వాటన్నిటికీ వైద్యుడు భరణి ఒక్కడే. వేలూరులో ఒక షాపులో పని నేర్చుకుని వచ్చి, మోపెడ్డు మీద పానాల సంచి వేసుకుని తిరిగేవాడు. పనిమంతుడే, కాదనను. కాకపోతే పనికంటే పైమెరుగుకే మెప్పు తొందరగా వస్తుందని చిన్న వయసులోనే కనిపెట్టేశాడు. సర్వీసుకు పిలిస్తే, గోడ మీది పెట్టె మూత ఎత్తినట్టే ఎత్తి, తడిగుడ్డతో పైపైన తుడిచి, లోపలికి మల్లెపూల సెంటు ఒక్క పిచికారీ కొట్టేవాడు. గదంతా గుమగుమలాడిపోయేది. "ఆహా, కొత్తదాని మాదిరి ఉండాదే!" అనేవాళ్ళు ఇంటివాళ్ళు. జాలీలు విప్పి కడగడం, లోపలి రేకుల సందుల్లో చెత్త బ్రష్షుతో తీయడం ఒక పూట పని. ఆ పూట భరణికి ఎన్నడూ దొరకలేదు.

అతని భార్య చిన్నమణి మేస్త్రీల ఇంటి పిల్ల. కట్టుబడి పనిలో సిమెంటు తట్టలు మోసేది. పనికి పోయేముందు ఇంకో పని ఉండేది ఆమెకు. పొద్దున్నే గుమ్మం ముందు తల్లులు జ్వరం పిల్లలను ఒళ్ళో వేసుకుని కూర్చునేవాళ్ళు. చిన్నమణి పిల్ల నుదుటి మీద అరచెయ్యి పెడితే, వేడంతా ఆమెలోకి వచ్చేసేది. ఆ తర్వాత కౌండిన్య ఏటికి పోయి, ఇసుకలో తోడిన చెలమలో పాదాలు పెట్టి నిలబడేది. వేడి కాళ్ళగుండా నేలలోకి దిగిపోయేది, చెలమలో నీళ్ళు కుతకుతా ఉడికేవి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆ నీళ్ళలో కోడిగుడ్లు ఉడకేసుకుని ఇంటికి పట్టుకుపోయేవాళ్ళు. ఆమె తల్లీ ఇంతే, అవ్వా ఇంతే.

దానికొక కట్టుబాటు ఉంది. ఒక వేడి నేలలోకి దించాకే ఇంకో వేడి ఎత్తుకోవాలి. "కలిపిన సిమెంటు మాదిరే ఇది. పచ్చిగా ఉండంగానే దించేయాల. దాని మీద ఇంకోటి పడిందంటే బిగుసుకుంటాది, ఇంక జన్మలో దిగదు," అని తల్లి చెప్పి పోయింది. అందుకే ఎంతమంది పిల్లలొస్తే అన్నిసార్లు ఏటికి పోయి వచ్చేది చిన్నమణి. కాళ్ళు పీక్కుపోయినా ఆ మాట తప్పలేదు.

ఇక గోపాలస్వామి సంగతి. లుంగీల వ్యాపారి, పనివాళ్ళందరికీ ముదలాళి, అంటే యజమాని. ఇంటి గోడకు ఆనుకునే మరమగ్గాల షెడ్డు. మన సరుకు ప్రపంచమంతా కొంటుందని పేపర్లు ఊదరగొడుతున్న కాలమది. మద్రాసు నుంచి ఎగుమతి కంపెనీవాళ్ళు వస్తారని, వాళ్ళను కూర్చోబెట్టే గదికి కొత్త మోస్తరు ఏసీ పెట్టించాడు, లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె. భరణి దానికీ సెంటు సర్వీసే చేశాడు. మగ్గాల దగ్గరి నూలు నుసి ఊరికే ఉంటుందా? లోపలి రేకుల మీద దుప్పటి కప్పినట్టు పేరుకుంది. గాలి ఆడక రేకుల మీద మంచు గడ్డకట్టింది. బయటి పెట్టెలో కంప్రెసర్ మూలిగి మూలిగి కాలిపోయింది. అదీ నడివేసవి కత్తిరి ఎండల్లో, రేపు మద్రాసువాళ్ళు వస్తారనగా.

"కొత్త కంప్రెసర్ మద్రాసు నుంచి రావాల, ముదలాళీ," అన్నాడు భరణి చేతులు నలుపుకుంటూ.

"నీ కతలన్నీ నాకొద్దప్పా. రేపు ఆ గది ఊటీ మాదిరి ఉండాల. ఉన్నిందంటే, నేను కట్టే గెస్ట్‌హౌసులో మిషన్లన్నీ నీ చేతికే. లేదంటే ఈ ఊళ్ళో ఎవరి గడప తొక్కుతావో నేనూ చూస్తా," అన్నాడు గోపాలస్వామి.

ఇంటికి వచ్చి భరణి పెళ్ళాం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్క గది వేడే గదా చిన్నమణీ. వెనక సందులో రాగిగొట్టం మీద చేతులు పెట్టుకోని కూచుంటే చాలు. లోపల ఫ్యాను దానిపాటికది తిరగతా ఉంటాది."

"గదంటే చంటిబిడ్డ నుదురా? ఎంత వేడి ఉంటాదో ఏమో."

"తప్పు నాదేమ్మే. ఆ రేకులు నేను కడగలా. తెలిసిందంటే నన్ను తరిమేస్తారు. నువ్వే కాపాడాల."

తప్పు ఒప్పుకునే మొగుడు కనిపిస్తే ఆడదాని మనసు వెన్నలా కరుగుతుంది. కొంపలు మునిగేది అక్కడే. "మధ్యమధ్యలో ఏటికి పోయొస్తా, సరేనా?" అంది చిన్నమణి. "ఒట్టు, పంపిస్తా," అన్నాడు భరణి.

మర్నాడు రెండేళ్ళ కూతురు సుమితను పక్కింటి పాపాతికి అప్పజెప్పి, గోపాలస్వామి ఇంటి వెనక సందులో గోడకు చేరగిలబడి రాగిగొట్టం పట్టుకుంది. గది చల్లబడింది. మద్రాసువాళ్ళు తువ్వాళ్ళు కప్పుకుని మరీ లుంగీలు తిరగేశారు. గోపాలస్వామి ఒకసారి సందులోకి తొంగిచూసి, "ఆ యమ్మకు మజ్జిగ ఇయ్యండి," అని కేకేసి పోయాడు. పనివాడు గ్లాసు తెచ్చి ఆమె మోకాలి పక్కన పెట్టాడు. చెయ్యి తీస్తే గది వేడెక్కుతుంది. గ్లాసు మీద ఈగలు వాలాయి.

"ఏమప్పా, నడుముదాకా నిండింది. ఏటికి పోయొస్తా," అంది.

"వాళ్ళు భోంచేస్తా ఉండారు. అది అయిపోనీ," అన్నాడు పక్కనే నిలబడ్డ భరణి.

ఇంకాసేపటికి, "గొంతుదాకా వచ్చిందప్పా," అంది. మాట పెళుసుగా వస్తోంది.

"ఇప్పుడే గదమ్మే బేరం నడస్తా ఉండేది! కొంచెం తాళు."

తాళింది. తాళడం ఒక్కటే నేర్పారు ఆమెకు.

అప్పుడొచ్చింది పాపాతి, సుమితను రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తుకుంటూ. "తెల్లారి బాగానే ఉన్నింది చిన్నమణీ! ఉన్నట్టుండి కాలిపోతా ఉండాది, చూడు!" పిల్ల కళ్ళు తేలేసింది. కాళ్ళూ చేతులూ కొయ్యబారుతున్నాయి.

చిన్నమణి గొట్టం వదిలేసి లేచింది. "ముందు ఇది దించుకోవాల. తడినేల యాడుంది?" సందంతా సిమెంటు. పెరడంతా సిమెంటు; అది పోసిననాడు తట్టలు మోసింది తనే. ఏరు చూస్తే బస్టాండు దాటి అవతల. పిల్ల పళ్ళు కరచుకుపోయాయి.

మొగుడి వైపు తిరిగింది. "చెయ్యియ్యప్పా. ఒక కుండలో కూడు తినేవాళ్ళకైతే దించొచ్చని మాయమ్మ చెప్పింది. నీకు సగం, నాకు సగం. నీకు చేతులు బొబ్బలెక్కుతాయి, పది దినాల్లో మానిపోతాయి. బిడ్డకు చోటు దొరుకుతాది."

భరణి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈ చేతులే గదమ్మే మనకు కూడు పెట్టేది," అన్నాడు. "ఆస్పత్రికి పోదాం... ఆటో పిలస్తా..."

లోపలినుంచి గోపాలస్వామి గొంతు వినిపించింది. "ఏం భరణీ, గది వేడెక్కుతా ఉండాదే!"

"ఇదో, అయిపోయింది ముదలాళీ!" అని అలవాటుగా పలికాడు వాడు. ఇక వాణ్ణి 'అతను' అనడానికి నాకు నోరు రావడం లేదు.

చిన్నమణి బిడ్డ వైపు తిరిగింది. కూతురి నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. జ్వరం ఒక్క ఊపిరిలో వచ్చేసింది. పిల్ల ఒళ్ళు వదులై, చెమటలు పట్టి, "అమ్మా, పాలు," అంది. చిన్నమణి లోపల ఏదో బిగుసుకుంది. అది ఆమెకు తెలిసింది. చెయ్యి తీసేసి, పిల్లను ఎత్తుకోకుండానే నడుచుకుంటూ ఏటికి పోయింది. చెలమలో పాదాలు పెట్టి పొద్దుగూకేదాకా నిలబడింది. నీళ్ళు చల్లగానే ఉన్నాయి.

గట్టిపడిన వేడి పైకెక్కి అరచేతుల్లో ఆగిపోయింది. పట్టుకున్న చెంబు కమిలింది, తట్ట అంచు మసైంది. కట్టుబడి పని పోయింది. గుమ్మం ముందుకు తల్లులు రావడం మానేశారు. పాపాతే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది.

గోపాలస్వామికి ఆర్డరు వచ్చింది. భరణికి గెస్ట్‌హౌసు వచ్చింది. ఒకరోజు వాడు ఉత్సాహంగా ఇంటికొచ్చి, "ముదలాళి నీకూ పనిస్తానన్నాడు చిన్నమణీ. లుంగీలు పెట్టెల్లో సర్దేముందు మడత నలగకుండా ఇస్త్రీ చెయ్యాల. అరచెయ్యి పైన అట్లా పోనిస్తే చాలు, కరెంటు ఖర్చు గూడా ఉండదంట. చూసినావా, అంతా మన మంచికే!" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు వాడి నాలుక కాలిపోయి ఉంటే బాగుండేది. కాలలేదు.

చిన్నమణి పోతోంది. బిడ్డకు కూడు పెట్టాలి కదా. సాయంత్రం ఆమె రాగానే సుమిత పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసుకుని, ఎత్తుకోమని ఎగురుతుంది. చిన్నమణి గబుక్కున రెండు చేతులూ తలపైకి ఎత్తేసి, తట్ట మోస్తున్నదాని మాదిరి కదలకుండా నిలబడిపోతుంది. పిల్ల ఎగిరి ఎగిరి అలిసిపోయి వదిలేసేదాకా అట్లాగే ఉంటుంది.

ఇప్పుడు సుమిత వీధిలో తోటిపిల్లలతో అమ్మ ఆట ఆడుతుంది. మిగతా పిల్లలు బొమ్మలను ఒళ్ళో పడుకోబెట్టి జోకొడతారు. సుమిత తన బొమ్మను ఎదురుగా మట్టిలో నిలబెట్టి, రెండు చేతులూ పైకెత్తి దాని ముందు నిలబడుతుంది.