ఇంటి గిన్నెకు కళాయి

కాగిన గుండిగలో నవాసాగరం చల్లగానే తెల్లటి పొగ లేచింది. రామబ్రహ్మం కళ్ళు చికిలించుకుని తగరం కడ్డీ లోపల రాసి, దూదితో చుట్టూ పులిమాడు. పచ్చటి ఇత్తడి వెండిలా తేలింది. రేపల్లె పెళ్ళివంటవాళ్ళ గుండిగలు ఇంకా బోలెడున్నాయి.

పక్కన పీట మీద కూర్చుని కొలిమికి గాలి చక్రం తిప్పుతున్నది ఆయన భార్య మాణిక్యాంబ. ఆవిడది మతిమరుపు జబ్బు. మొగుడి పేరూ మొహమూ ఎప్పుడో మరిచిపోయింది. చేతికి పిడి అందిస్తే మాత్రం ఎంత మంట కావాలో అంత గాలి.

"మీదేవూరు బాబూ?"

"తెనాలేనండి." రోజూ చెప్పేదే.

"మావారూ కళాయే వేస్తారు. ఊరందరికీ వేస్తారు, మా గిన్నెకి మాత్రం రేపంటారు."

అదొక్కటీ మరవలేదు మహాతల్లి! నిజమే మరి. బేరం గిన్నెలు తెమిలేసరికి బొగ్గులు చల్లారేవి. ఇంటి గిన్నె కళాయి మొహం చూసి ఏళ్ళయింది. అందులోనే చింతపండు పులుసు కాగేది. కళాయి లేకపోతే పులుపుకు ఇత్తడి కరిగి దిగుతుంది. ఆయనకు పులుసు పడదు, ఆవిడకు అది లేందే ముద్ద దిగదు.

కిందటిసారి డాక్టరు జెన్నిఫర్ ఈ జబ్బులో మెదడులో చిన్న ప్రొటీన్ తునకలు ముద్ద కడతాయనీ, వాటితో రాగి, జింకు కూడా చేరి కనిపిస్తాయనీ చెప్పింది. ఇత్తడంటే ఆ రెండేగా! అప్పట్నుంచీ రామబ్రహ్మానికి అన్నం సయించడం లేదు.

మధ్యాహ్నం మాత్రల కోసం వెళ్ళి అడిగేశాడు.

"నేను కళాయి వెయ్యకపోబట్టేనా డాక్టరమ్మా?"

"అది మీ గిన్నెలోదని ఎవరూ చెప్పలేరు బాబాయ్‌గారూ. రాగి వల్ల ముద్ద కట్టిందో, ముద్ద కట్టాక రాగి చేరిందో ఇంకా తేలలేదు. మీ తప్పని మాత్రం అనుకోకండి."

తేలలేదన్న మాట ఆయనకు చాల్లేదు. ఇంటికి రాగానే గుండిగలు పక్కకు జరిపి, వంటింట్లోంచి గిన్నె తెచ్చి, ఇసుకతో తోమి కొలిమి మీద పెట్టాడు.

"ఇదెవరిదండి?"

"మనదేనే."

మాణిక్యాంబ గిన్నెకేసి చూసింది, ఆయనకేసి చూసింది. "ఇన్నాళ్ళకా!" అని దెప్పి, పిడి అందుకుంది. రామబ్రహ్మానికి ఎంత సంతోషం వేసిందంటే, నవాసాగరం ఒకటికి రెండుసార్లు చల్లాడు.

ఒక పక్క పులిమి గిన్నె తిప్పేసరికి మంట తగ్గింది.

"కొంచెం గాలి," అన్నాడు తలెత్తకుండా.

గాలి రాలేదు. మాణిక్యాంబ గోడకు చేరగిలబడి ఉంది. ఆయన పట్టకారు వదిలేసి ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. పక్కనే కూలబడి ఏడ్చాడు.

ఇరుగుపొరుగు వచ్చి కొలిమిలో నీళ్ళు పోశారు. తడి బూడిదలో గిన్నె ఒరిగి ఉంది, లోపల ఒక పక్క తెల్లగా, ఒక పక్క పచ్చగా.