సక్రి షెడ్డు మీది మబ్బు

మంగళవారం, శుక్రవారం తెల్లవారగానే సక్రి కారు బానెట్ ఎత్తి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బాను మూతి దాకా నింపేది. పక్కింటి జమునను డయాలసిస్ కోసం మానుకోట దవాఖానకు తీసుకుపోయే రోజులవి. తండాకు బస్సు రాదు. భర్త దేవ్యా పోయాక ఆ పని సక్రే చేస్తోంది.

రెండేళ్ల కిందట డబ్బాకు సన్నని పగులు పట్టింది. దారి పొడవునా వదిలిన ఆవిరంతా బండి వెంటే ఇంటికొచ్చి, రేకుల షెడ్డు మీద దుప్పటంత మబ్బై నిలిచింది. మిర్చి ఆరబోసే ఆడవాళ్లు దాని నీడ తప్పించి పట్టాలు పరుచుకునేవారు. అంతకుమించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

మొన్న శుక్రవారం గంగారం అడవిలో డబ్బా పూర్తిగా చీలిపోయింది. జమున దవాఖానకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కొడుకు బలరాం కారు తాళం తన జేబులో వేసుకున్నాడు. పగిలిన డబ్బా సంగతే మరిచినదానివి, రేపు తొవ్వ మరుస్తావన్నాడు.

"డబ్బా నేనే మారుస్త. ఎవ్వలు సాయం రావద్దు. మంగళారం బండి కదలకపోతే తాళం నీదే," అంది సక్రి.

ఆదివారం పొద్దున కొత్త డబ్బా తెప్పించుకుని కూర్చుంది. ఇంజిన్ మీద అరచేయి ఆనించి, చల్లగా ఉందని చూసుకుంది. ఏ పైపు ఎక్కడిదో కలవకుండా తన లంగా కుట్టులోంచి దారాలు లాగి, పై పైపుకు ఎరుపు, కింది పైపుకు పసుపు కట్టింది. పాత డబ్బా ఊడదీసింది. కొత్తది బిగించి, పైపులెక్కించి, క్లిప్పులు వేసి కూలెంట్ పోసింది. డబ్బా మీది హద్దు గీత దాటినా చేయి ఆగలేదు.

మంచం మీద కూర్చున్న బలరాం నవ్వాడు. "మూతి దాక పోస్తివి. వేడికి ఉబ్బితే జాగ ఉండద్దా? గందుకే పాతది పగిలింది. గిది గూడ మరిచినవా, యాడీ?"

"మరువలే. తొవ్వ పట్టేటప్పుడు గిన్నె నిండుగ ఉండాలని మా యాడి, మీ అమ్మమ్మ, చెప్పింది. గది మరువకనే పగిలింది."

బలరాం నవ్వు ఆగింది. సక్రి గరిటెతో ఎక్కువైంది తోడేసి గీత దగ్గర నిలిపింది. ఇంజిన్ నడిపి చూడటానికి బలరామే తాళం పెట్టాడు. సక్రి డబ్బా మూత తీసి ఉంచి, బుడగలు ఆగేదాకా చూసి, అప్పుడు మూసింది. ఒక్క చుక్క కారలేదు. అయినా అతను తాళం మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

"బండి బాగైంది. నువ్వు తొవ్వ మరిస్తే?"

"అడుగుత. నోరుంది గదా."

"అడవిల ఎవలనడుగుతవ్?"

సక్రి బానెట్ దించింది. నిన్న ఉప్పు పేరే గుర్తురాక వేలితో చూపించింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మంగళవారం తెల్లవారింది. సక్రి స్టీరింగు ముందు కూర్చుని కిటికీలోంచి చేయి బయటికి చాపింది. జమున సంచీతో వెనక సీట్లో ఎక్కింది. బలరాం గడపలోనే నిలబడ్డాడు. చాపిన చేయి వెనక్కి పోలేదు.

అప్పుడు షెడ్డు మీది మబ్బు కదిలింది. రెండేళ్ల తర్వాత రేకుల మీద ఎండ పడింది. మిర్చి వాళ్లు వెంటనే ఒక పట్టాను అటు జరుపుకున్నారు. మబ్బు కారు దాటి, తండా చివర దారి చీలే చోటికి పోయి, మానుకోట వైపు తిరిగి ఆగింది. ఎంతైనా ఆ తొవ్వలో మరిగిన నీళ్లే.

బలరాం చాలాసేపు దాని నీడను చూశాడు. తర్వాత వచ్చి తాళం అమ్మ చేతిలో పెట్టాడు.

"వచ్చేటప్పుడు దాన్ని గూడ తోలుకరా, యాడీ."

బండి కదిలింది. సక్రక్కకు ఇక భయం లేదని, ముందు మబ్బుందని జమున అంది.

"గదెన్నడన్న బండి నడిపిందా?" అంది సక్రి గేరు మారుస్తూ. "తప్పు తొవ్వ పడితే నేనే చెప్త."